హాస్టల్ సాక్సుల కేసు: బిగుసుకుపోయినవి, జత తప్పినవి

నల్గొండ నుంచి దేవరకొండ పోయే దారిలో ఉన్న ఒక ఆడపిల్లల గురుకుల హాస్టల్ కేసు ఇది. ఐదో తరగతి నుంచి ఇంటర్ దాకా నాలుగు వందల పైచిలుకు పిల్లలు ఉంటారు. ఏటా జూన్‌లో యూనిఫాంతో పాటు తలా రెండు జతల తెల్ల సాక్సులు ఇస్తారు. బట్టల ఉతుకుడు మొదట ఇంకో కాంట్రాక్టర్ చేతిలో ఉండేది. దసరా సెలవుల తర్వాత మా లాండ్రీకి వచ్చింది. మొదటి లోడు ఎత్తడానికి పోయిన రోజే వార్డెన్ మేడం ఆఫీసు గదిలో కూర్చోబెట్టి తన బాధ చెప్పారు.

“అక్కా, బెడ్‌షీట్లు, చున్నీలు ఎట్లనన్న సర్దుకుంటం. ఈ సాక్సులతోనే పరేషాన్ అయితున్నది. జూన్‌ల ఇచ్చినయి దసరకే కాళ్ళకు ఎక్కుతలేవు. ఎక్కేటియి చూస్తే ఒక్కొక్కటే మిగులుతున్నయి.”

లాండ్రీ రేట్ల బోర్డు మీద సాక్సులది అట్టడుగు వరుస. చాలా చోట్ల వాటికి రేటే ఉండదు, ప్యాంటుకో చీరకో కొసరుగా ఉతికి ఇచ్చేస్తారు. నేను మాత్రం మా చేతికి వచ్చే బట్టలన్నింటిలో కష్టమైనది సాక్సే అంటాను. అన్నింటికంటే ఎక్కువ చెమట, మట్టి పట్టేది అదే. ఒకే సాక్సులో నూలు, నైలాను, ఎలాస్టిక్ మూడూ కలిసి ఉంటాయి, ఆ మూడింటికీ పడే వేడి వేరు, పడే మందు వేరు. పైగా రెండు కలిసి ఉంటేనే దానికి విలువ. అందుకే ఈ కేసును మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను. హాస్టళ్ళు నడిపేవారికి, మాలాగా చిన్న లాండ్రీ నడుపుకునేవారికి పనికొస్తుందని నా నమ్మకం.

“ఎక్కుతలేవు” అంటే?

ముందు పిల్లల దగ్గర నుంచి ‘ఎక్కని’ సాక్సులు ఒక గంపెడు తెప్పించుకున్నాను. స్టోర్ రూంలో ప్యాకెట్ విప్పని కొత్త జతలు కొన్ని మిగిలి ఉన్నాయి. ఈ కేసు మొత్తానికి అవే పెద్ద ఆసరా. అదే కంపెనీ, అదే సైజు, నీళ్ళు తగలని సరుకు పక్కన పెట్టుకుంటేనే పాతది ఎంత తగ్గిందో తేలుతుంది. లేకపోతే అంతా అందాజా లెక్కే.

టేబుల్ మీద చదునుగా పరిచి మడమ మూల నుంచి వేళ్ళ కొస దాకా టేపు పెట్టాను. ఏడో తరగతి పిల్లలకు ఇచ్చే సైజు కొత్తది 21 సెంటీమీటర్లు వచ్చింది. గంపలోని అదే సైజువి ఒక్కొక్కటి ఒక్కో తీరు. కొన్ని 18 దగ్గర ఆగిపోయాయి. అవి నిజంగానే కురచైపోయినవి, అందులో అనుమానం లేదు. ఇంకొన్ని 20కి పైన ఉండి కూడా ఎక్కడం లేదని వచ్చాయి. వాటి సంగతి చేత్తో పట్టుకుంటే గానీ తెలియలేదు. కొన్నింటిని అడ్డంగా లాగితే సాగడం లేదు, బట్ట అట్టలా బిర్రుగా ఉంది. మడిచి విప్పితే మడత మీద తెల్లగా పొడి గీత పడుతోంది. మరికొన్ని మెత్తగా, కొత్తవాటిలాగే సాగుతున్నాయి. వాటిలో ఏ లోపమూ కనిపించలేదు.

ఏ లోపమూ లేని ఆ సాక్సులు ఎవరివో కనుక్కుని ఆ పిల్లల్ని పిలిపించాను. ఒక అమ్మాయిని గోడకు మడమ ఆనించి నిలబెట్టి కొలిస్తే పాదం 23 సెంటీమీటర్లు దాటింది. జూన్‌లో ఆమెకు సాక్సుల సైజు రాసింది పోయినేటి రిజిస్టర్ చూసి. పదకొండు, పన్నెండేళ్ళ ఆడపిల్లల పాదాలు గబగబా పెరిగే వయసు అది. సాక్సు తగ్గలేదు, కాలు పెరిగింది.

అంటే ఒకే ఫిర్యాదు కింద మూడు వేర్వేరు సంగతులు పడి ఉన్నాయి: కురచైనవి, సున్నం పట్టి సాగనివి, పాదం పెరిగిపోయినవి. మూడింటికీ ఒకే మందు వేస్తే రెండింటికి పని చేయదు. ఈ వేరు చేసే పని ఎవరూ చేయకపోవడం వల్లే అంతకుముందు ప్రతిసారీ ‘సరుకు నాసి’ అని కంపెనీ మీద నింద పడేది.

దారం కాల్చి చూడటం

ప్యాకెట్ మీద ‘కాటన్ సాక్స్’ అని ఉన్నంత మాత్రాన లోపలంతా నూలే ఉంటుందనుకోకూడదు. పై పట్టీ అంచు నుంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి దారపు పోగు లాగి అగ్గిపుల్లతో ముట్టించాను. అడుగు నుంచి తీసిన దాంట్లో ఒక పోగు కాగితం కాలిన వాసనతో మండి బూడిదైంది, అది నూలు. దానితో కలిసి వచ్చిన రెండో పోగు మండకుండా ముడుచుకుని, కొసన గట్టి గుండులా కరిగి ఆగింది, అది నైలాను. పట్టీలో సన్నటి రబ్బరులాంటి పోగు సాగుతూ వచ్చింది. దాన్నే అందరూ లైక్రా అంటారు. ఈ కేసులో ఉన్ని లేదు. ఉంటే వెంట్రుక కాలిన వాసన వచ్చేది.

మూడు పోగులూ తెలిశాక ఏది దేనికి లొంగుతుందో చెప్పడం సులువు. నూలు నీళ్ళకు ఉబ్బుతుంది, వేడికి తట్టుకుంటుంది. నైలాను, ఎలాస్టిక్ రెండూ ఎక్కువ వేడికి ఓర్చుకోవు, క్లోరిన్‌కు అసలే ఓర్చుకోవు.

నీళ్ళు

నల్గొండ నీళ్ళు అనగానే అందరి నోటా మొదట వచ్చే మాట ఫ్లోరైడ్. తాగడానికి అది పెద్ద శాపమే, తరాల తరబడి మా జిల్లా మోసిన బరువు అది. కానీ బట్టలకు సంబంధించినంత వరకు చూడాల్సింది ఫ్లోరైడ్ కాదు, నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. వీటినే కఠినత్వం అంటారు. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరులో కఠినత్వం కూడా ఎక్కువ ఉండాలని లేదు. రెండూ విడివిడిగా పరీక్ష చేయించుకోవాలి.

హాస్టల్‌కు తాగే నీళ్ళు మిషన్ భగీరథ నల్లా నుంచి వస్తాయి. పిల్లలు చేత్తో ఉతుక్కునే సాక్సులకు, లోదుస్తులకు మాత్రం ఆవరణలోని బోరే దిక్కు. తాగే నీటికి భారత ప్రమాణాల్లో కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే దారి లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చు అని ఉంది. పరీక్ష చేయిస్తే ఈ బోరు ఆ 600 కూడా దాటింది. అలాంటి నీళ్ళలో సబ్బు రుద్దితే నురగ రాదు, సబ్బు విరిగి తెట్టులా తేలుతుంది. ఆ తెట్టు సాక్సు అల్లిక సందుల్లో కూర్చుంటుంది. నురగ రావడం లేదని పిల్లలు ఇంకా సబ్బు రుద్దుతారు, దాంతో తెట్టు ఇంకా పెరుగుతుంది.

దీని మీద ఇంకో రెండు పనులు జరిగేవి. తెల్లదనం కోసం ఆదివారం పూట పెద్ద గంగాళంలో నీళ్ళు మరగబెట్టి, బట్టల సోడా వేసి సాక్సులన్నీ నానబెట్టేవారు. సోడా నీళ్ళలోని కాల్షియాన్ని సున్నపు పొడిలా విడగొడుతుంది. పారే నీళ్ళలో బాగా జాడిస్తే సరే, లేకపోతే ఆ పొడి బట్టకే అంటుకుంటుంది. బోరు నీళ్ళు ఆదా చేయాలని ఒక్కసారి ముంచి తీసేవారు. ఇక రెండోది బ్లీచింగ్ పౌడర్. బాత్రూంలు కడగడానికి తెచ్చిన డబ్బాలోంచే గుప్పెడు తీసి వేసేవారు. బ్లీచింగ్ పౌడర్‌లోనే సున్నం ఉంటుంది, అంటే గట్టిదనానికి ఇంకో పూత. అందులోని క్లోరిన్ ఎలాస్టిక్ పోగును తెంపుతుంది, నైలానును పచ్చబారుస్తుంది. పచ్చబడ్డాయని ఆయమ్మలు మళ్ళీ బ్లీచింగే వేసేవారు.

మా వైపు ఇంకో చిక్కు ఎర్రమన్ను. దేవరకొండ దారి పొడవునా చల్క నేలలే. పిల్లలు పొద్దున ప్రార్థనకు బూట్లు లేకుండా సాక్సులతోనే గ్రౌండులోకి పరుగెత్తడం నేను కళ్ళారా చూశాను. ఎర్రమన్నులో ఎరుపు ఇనుప తుప్పు రంగు. బ్లీచింగ్ దాన్ని తీయలేదు. తడి మీద రుద్దితే లోపలికి దిగుతుంది. పూర్తిగా ఆరనిచ్చి, రెండు సాక్సులు ఒకదానికొకటి కొట్టి దులిపి, ఆ తర్వాత నీళ్ళలో వేస్తే సగం మరక నీళ్ళు తాకకముందే రాలిపోతుంది.

అట్టలా ఉన్న సాక్సులను నిమ్మ ఉప్పుతో, అంటే సిట్రిక్ యాసిడ్‌తో చూశాను. పదిహేను లీటర్ల బకెట్ నీళ్ళలో రెండు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు కరిగించి ఒక సాక్సు వదిలితే, పట్టీ దగ్గర నుంచి చిన్న చిన్న బుడగలు పైకి రావడం మొదలైంది. సున్నం కరుగుతున్నదన్నమాట. అరగంట తర్వాత తీస్తే వేళ్ళకు జిడ్డుగా తగిలింది, విరిగిన సబ్బు అలా వదులుతుంది. అందుకని వెంటనే లిక్విడ్ డిటర్జెంటుతో ఒకసారి ఉతికి మంచి నీళ్ళలో జాడించాలి. ఆరాక అదే సాక్సు మళ్ళీ అడ్డంగా సాగింది. కాలికి ఎక్కింది కూడా. గంపలో అట్టల్లా ఉన్నవాటిలో చాలా వరకు ఇలాగే బాగుపడ్డాయి.

ఒక్క మాట అందరూ గుర్తుపెట్టుకోవాలి. నిమ్మ ఉప్పు గానీ వెనిగర్ గానీ బ్లీచింగ్ పౌడర్‌తో కలవకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. హాస్టల్ లాంటి చోట పిల్లల చేతికి ఈ రెండూ ఒకే దగ్గర దొరకనివ్వకూడదు. మేడంతో మాట్లాడి బ్లీచింగ్ డబ్బాను ఉతికే బండల దగ్గర నుంచి తీయించి తాళం గదిలో పెట్టించాను.

వేడి ఎక్కడ దెబ్బ కొట్టింది

నిజంగా కురచైన సాక్సుల సంగతి ఇంకా మిగిలే ఉంది. అందరూ వేడి నీళ్ళనే అనుమానించారు. నాకు అనుమానం డ్రయ్యర్ మీద. ఎందుకంటే పిల్లలు చేత్తో ఉతుక్కునేవి పోగా వారానికోసారి మూటలో పోయిన సాక్సులే ఎక్కువ కురచగా ఉన్నాయి, ఆ మూట అంతకుముందు పెద్ద డ్రయ్యర్ ఉన్న చోటికి పోయేది.

తేల్చుకోవడానికి స్టోర్‌లోని కొత్త జతలు కొన్ని అడిగి తీసుకున్నాను. ఒక జతను మామూలు నీళ్ళలో ఉతికి నీడన ఆరేశాను. ఒక జతను 60 డిగ్రీల వేడి నీళ్ళలో ఉతికి నీడనే ఆరేశాను. ఇంకో జతను మామూలు నీళ్ళలోనే ఉతికి, దుప్పట్ల లోడుతో కలిపి డ్రయ్యర్‌లో తిప్పాను. మొదటి ఉతుకులో మూడు జతలూ కొంచెం తగ్గాయి. అది సహజం. ఫ్యాక్టరీలో అల్లిన సాక్సును పాదం ఆకారంలో ఉన్న పలక మీద సాగదీసి, ఆవిరి పట్టి ప్యాక్ చేస్తారు. నీళ్ళు తగలగానే ఆ సాగు వదిలి అల్లిక తన అసలు కొలతకు వస్తుంది. అందుకని మొదటి ఉతుకు చూసి తీర్పు చెప్పకూడదు.

ఆ తర్వాతి ఉతుకుల్లో తేడా బయటపడింది. మామూలు నీళ్ళలో ఉతికి నీడన ఆరేసిన జత అర సెంటీమీటరు తగ్గి అక్కడే నిలిచింది. వేడి నీళ్ళ జత ఇంకో కాస్త తగ్గింది, అంతే. డ్రయ్యర్ జత మాత్రం తిప్పిన ప్రతిసారీ తగ్గుతూ పోయి 19కి దిగింది, ఇంకా దిగేలాగే ఉండగా ఆపేశాను.

కారణం దుప్పట్లు. దుప్పటి మందం, ఆరడానికి చాలా సేపు పడుతుంది. సాక్సు అందులో సగం సేపట్లోనే ఆరిపోతుంది. కానీ దుప్పటి ఆరేదాకా మిషన్ ఆగదు. ఆరిన సాక్సు 70, 80 డిగ్రీల వేడి గాలిలో ఎగురుతూ, పడుతూ ఉంటుంది. తడిలో ఉబ్బిన నూలు పోగు చివరి తేమ పోయేటప్పుడు ముడుచుకుంటుంది. ఆ సమయంలోనే దొర్లుతూ ఉంటే అల్లికలోని ఒక్కో కన్ను దగ్గరికి జరిగి అలాగే బిగుసుకుంటుంది. పట్టీలోని ఎలాస్టిక్ కూడా అదే వేడికి పటుత్వం పోగొట్టుకుంటుంది. అందుకే ఆ సాక్సులు పాదం దగ్గర బిగుతు, చీలమండ దగ్గర వదులు. పిల్లలు వాటిని పైకి లాగి రబ్బరు బ్యాండ్లు వేసుకుంటున్నారు. రోజంతా బ్యాండు బిగించి ఉంచితే కాలి మీద పడే వాత చూసి నాకు చాలా బాధేసింది.

కురచైనవాటిని కొంతవరకు వెనక్కి తేవచ్చు. తడిపి, పిండి, చెమ్మగా ఉండగానే మడమ ఒక చేత్తో, వేళ్ళ కొస ఒక చేత్తో పట్టుకుని పొడవుగా మెల్లగా లాగాలి. ప్లైవుడ్ ముక్కను పాదం ఆకారంలో కోయించి, అంచులు నున్నగా గీయించి, దాని మీదకు తొడిగి నీడన ఆరనివ్వాలి. 18 ఉన్నవి 19న్నర దాకా వచ్చాయి. ఎలాస్టిక్ పోయినవాటికి మాత్రం మందు లేదు, అవి తుడుపు గుడ్డలకే.

ఉన్ని సంగతి ఈ కేసులో లేకపోయినా ఒక మాట చెప్పాలి. మా దగ్గరికి ఫౌజులో చేసి వచ్చినవారు, చలికాలం కీళ్ళ నొప్పులతో బాధపడే పెద్దవారు ఉన్ని సాక్సులు తెస్తుంటారు. ఉన్ని పోగు మీద పొలుసులు ఉంటాయి. వేడి, సోడా, రాపిడి మూడూ కలిస్తే ఆ పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని బట్ట కంబళిలా దట్టమవుతుంది. అది ఎంత లాగినా తిరిగి రాదు. వాటికి నేను ఇప్పటికీ కుంకుడుకాయ పులుసే వాడతాను. గోరువెచ్చని నీళ్ళు కూడా వద్దు, చల్లనివి చాలు. రుద్దకుండా ఒత్తి ఒత్తి వదలాలి, తువ్వాలులో చుట్టి నీళ్ళు అద్దాలి, పరిచి ఆరబెట్టాలి. కుంకుడు మా బోరు నీళ్ళలో కూడా విరగదు, అది దానిలోని గొప్ప గుణం.

జతలు పోయిన దారి

సాక్సు కాలి నుంచి బయల్దేరి మళ్ళీ కాలికి చేరేదాకా ఎన్ని చేతులు మారుతుందో మేడంతో కలిసి కాగితం మీద రాసుకున్నాం. బూటు, మంచం కింద, గది మూల బకెట్, మూట, ఆటో ట్రాలీ, మిషన్, డ్రయ్యర్, మడత బల్ల, మళ్ళీ మూట, గది. ఇందులో ఎక్కడ రాలిపోతున్నాయో వెతకడం మొదలుపెట్టాం.

మొదట బూట్లే విప్పించాం. పొద్దున తొందరలో ఒక సాక్సు ఊడిపోయి బూటు ముందు భాగంలోనే ఉండిపోయినవి దొరికాయి. మిషన్ తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతలో చిన్న సాక్సులు ఇరుక్కోవడం మామూలే. మా దగ్గర ప్రతి లోడు తర్వాత అక్కడ వేలు పెట్టి చూడటం అలవాటు కాబట్టి అక్కడ పోయేవి తక్కువ. హాస్టల్ మిద్దె మీద ఆరేసినవి కోతులు ఎత్తుకుపోతాయని ఆయమ్మలు చెప్పారు. అది నిజమే, నీళ్ళ ట్యాంకు వెనక చిరిగిన సాక్సులు కనిపించాయి. ఎండాకాలం సాయంత్రం గాలిదుమారానికి ఎగిరిపోయేవి వేరే.

కానీ ఇవన్నీ కలిపినా పోయిన లెక్కకు చాలలేదు. అసలు గుట్టు స్టోర్ రూంలో బయటపడింది. అక్కడ అదనపు దుప్పట్లు, దిండు గలీబులు దొంతరలుగా మడిచి పెట్టి ఉన్నాయి. నేను ఒక గలీబు తీసి తలకిందులుగా దులిపితే మూలన చుట్టుకుపోయిన సాక్సు రాలింది. ఇంకోటి దులిపితే ఇంకోటి. మేడం, ఇద్దరు ఆయమ్మలు, నేను నలుగురం కూర్చుని ఆ దొంతరలన్నీ విప్పాం. దుప్పటి మడతల్లో, గలీబు మూలల్లో, చుడీదార్ కాళ్ళల్లో నుంచి ఒంటి సాక్సులు నేల మీద కుప్ప పడ్డాయి. ఒక ఆయమ్మ వాటిని ఒళ్ళో వేసుకుని, “పిల్లలను ఎన్ని మాటలు అంటిమో మేడం, మీరే పారేసుకున్నరని” అంది. ఆ మాటకు గదిలో ఎవరూ బదులు చెప్పలేదు.

గలీబు ఒక సంచి. నీళ్ళలో తిరిగేటప్పుడు దాని నోరు తెరుచుకుని చిన్న బట్టల్ని మింగుతుంది. డ్రయ్యర్‌లో ఆరి ఒరుసుకునేటప్పుడు పుట్టే స్థిర విద్యుత్తుతో నైలాను సాక్సు దుప్పటికి అంటుకుంటుంది. మడత పెట్టేవారు తొందరలో పైనుంచి మడిచేస్తారు. ఏ సాక్సులు దుప్పట్లతో కలిసి తిరిగి కురచయ్యాయో, వాటి జతలే ఆ దుప్పట్లలో చిక్కుకుపోయాయి. మేడం చెప్పిన రెండు బాధలకూ మూలం ఒకే లోడులో ఉంది.

ఏం మార్చాం

మొదటి మార్పు అదే. సాక్సులు దుప్పట్లతో, గలీబులతో ఎప్పుడూ కలవవు. మూటలోనే వేరు. గదికి ఒక నెట్ సంచి, దాని మీద గది నంబరు. ఉతికేది, జాడించేది, నీళ్ళు పిండేది అన్నీ ఆ సంచిలోనే. సంచిని సగానికి మించి నింపకూడదు, కుక్కితే లోపలివి శుభ్రపడవు. సాక్సును తిరగేసి వేయాలి, చెమట, చర్మపు పొట్టు లోపలి వైపే ఉంటాయి కాబట్టి. కొంతమంది జత పోకుండా రెండూ కలిపి ముడి వేస్తారు. అలా వేస్తే ముడి దగ్గర మురికి వదలదు, పట్టీ సాగిపోతుంది. ఆరాక ఒకదాని పట్టీలో ఇంకోటి దోపి ఉండ చుట్టడం కూడా అంతే. రెండూ పక్కపక్కన పెట్టి మధ్యకు మడిస్తే చాలు.

గుర్తు విషయంలో మేడంకూ నాకూ చాలాసేపు మాట నడిచింది. అందరివీ తెల్లవే, సైజు కలిస్తే ఎవరికి ఏది ఇచ్చినా జత అవుతుంది కదా అన్నది ఆమె వాదన. లెక్కకు అది సులువే. నేను ఒప్పుకోలేదు. వానాకాలంలో బూట్లు తడిసి పిల్లల కాలివేళ్ళ సందులు పాసిపోతాయి, అలాంటి ఫంగస్ ఒకరి సాక్సు నుంచి ఇంకొకరికి అంటుతుంది. ఎవరివి వారికే చేరాలి. చివరికి ఆమె సరేనన్నారు.

మా అత్తమ్మ కాలంలో చాకలి గుర్తు నల్లజీడి గింజ రసంతో పెట్టేవారు. రసంతో గీసి పైన సున్నం అద్దితే నల్లగా పట్టుకునేది, బట్ట చిరిగినా గుర్తు పోయేది కాదు. ఆ రసం చర్మానికి తగిలితే బొబ్బలొస్తాయి, పిల్లల సాక్సులకు తగదు. మార్కర్ పెన్ను నాలుగు ఉతుకులకు వెలిసిపోతుంది. అందుకని రంగు దారంతో నంబరు కుట్టించాం. ఎక్కడ, ఎలా కుట్టాలన్నది ముఖ్యం. వేళ్ళ దగ్గర కుడితే ఒరుసుకుంటుంది. పట్టీ చుట్టూ అడ్డంగా కుడితే పట్టీ సాగదు, తొడిగేటప్పుడు దారం తెగుతుంది. పట్టీ మీద పై నుంచి కిందికి నిలువుగా, వదులుగా చిన్న కుట్లు వేయాలి. ఐదో తరగతి పిల్లలకు పెద్ద పిల్లలు కుట్టిపెట్టారు. ఈ పని పిల్లలు ఎంతో శ్రద్ధగా చేశారు, కొందరు నంబరు పక్కన చిన్న పువ్వు కూడా కుట్టుకున్నారు.

డ్రయ్యర్ పూర్తిగా మానేశాం. తెలంగాణలో 2021 ఏప్రిల్ నుంచి రజకుల లాండ్రీలకు, ధోబీ ఘాట్లకు నెలకు 250 యూనిట్ల ఉచిత కరెంటు ఉంది. ఆ యూనిట్లు ఉన్నాయి కదా అని సాక్సుల మీద వేడి ఖర్చు చేయడంలో అర్థం లేదు. మా ఎండలకు నీడన కూడా మధ్యాహ్నానికి ఆరిపోతాయి. మే నెలలో 44, 45 డిగ్రీలు చూసే ఊరు మాది. ఆ ఎండలో సిమెంటు మిద్దె మీద పరిస్తే చెయ్యి పెట్టలేనంత కాగుతుంది, ఎలాస్టిక్‌కు అది డ్రయ్యర్ కన్నా తక్కువేమీ కాదు. అందుకని హాస్టల్లో మొదటి అంతస్తు వరండాలో దండేలు కట్టించాం. గ్రిల్ ఉంది కాబట్టి కోతుల బెడద లేదు. క్లిప్పు వేళ్ళ కొసకు పెట్టాలి, పట్టీ కిందికి వేలాడాలి. పట్టీకి క్లిప్పు పెడితే తడి బరువంతా ఎలాస్టిక్ మీద పడుతుంది. జతలోని రెండూ పక్కపక్కనే.

వరండా చివర ఒక దండెం ఒంటి సాక్సులకే. స్టోర్ రూంలో దొరికిన కుప్పంతా అక్కడే వేలాడదీశాం. పిల్లలు వచ్చి తమ జతలు ఏరుకున్నారు. నంబర్లు లేని పాతవి కావడంతో మరకలు, చిరుగులు చూసి గుర్తుపట్టారు.

బోరు నీళ్ళ విషయంలో పూర్తి పరిష్కారం మా చేతిలో లేదు. నీటిని మెత్తబరిచే ప్లాంటు పెట్టే స్తోమత హాస్టల్‌కు లేదు. మా లాండ్రీలో ఉతికేవి సరే. పిల్లలు చేత్తో ఉతుక్కునేవాటికి బిళ్ళ సబ్బు బదులు డిటర్జెంట్ పొడి, చివరి జాడింపుకు భగీరథ నీళ్ళు ఒక్క బకెట్, నెలకోసారి నిమ్మ ఉప్పు నానుడు. ఆ ఒక్క బకెట్ కోసం మేడం ప్రిన్సిపల్‌తో మాట్లాడి ఒప్పించారు. తెల్లదనం కోసం ఆక్సిజన్ బ్లీచ్ పొడి, అది ఎలాస్టిక్‌ను తినదు.

తర్వాత

సంక్రాంతి సెలవుల నాటికి కురచైన ఫిర్యాదులు దాదాపు ఆగిపోయాయి. డ్రయ్యర్ జతతో పాటు కొలతకు పెట్టుకున్న మిగతా రెండు జతలను కూడా హాస్టల్ లోడులోనే ఉతుకుతున్నాను, నీడన ఆరుతున్నవి అప్పటి కొలతలోనే నిలిచి ఉన్నాయి. ఒంటి సాక్సుల దండెం మీద ఇప్పుడు నాలుగైదు కంటే ఎక్కువ వేలాడటం లేదు. అవి కూడా చాలా వరకు బూట్లలో మరిచిపోయినవే.

వానాకాలం ఇంకా చూడలేదు. జూలై, ఆగస్టుల్లో వరండాలో కూడా రెండు రోజులు ఆరవు, చెమ్మ సాక్సుకు ముక్క వాసన పడుతుంది. దానికి మేడంతో ముందే అనుకున్నది ఇదీ: నీళ్ళు పిండే మిషన్‌లో రెండుసార్లు పిండటం, ఫ్యాను కింద ఆరేయడం, అప్పటికీ చెమ్మ ఉంటే సాక్సులు ఒక్కటే డ్రయ్యర్‌లో తక్కువ వేడి మీద పది నిమిషాలు, పూర్తిగా ఎండకముందే తీసేయడం.

కొనుగోలు విషయంలో వచ్చే జూన్‌కు రాసి ఇచ్చినవి కొన్ని ఉన్నాయి. పిల్లలు చేరిన వారంలోనే కాళ్ళు కొలిచి సైజు రాయాలి, పోయినేటి రిజిస్టర్ చూడకూడదు. రెండు జతలూ ఒకేసారి ఇవ్వకుండా, ఏడు, ఎనిమిది తరగతుల వారికి ఒక జతను సంక్రాంతి దాకా ఆపి, అప్పుడు కొలిచి ఇస్తే పెరిగిన కాలికి సరిపోతుంది. ప్రతి సైజులో ఒక ప్యాకెట్ విప్పకుండా స్టోర్‌లో ఉంచాలి, ఏ ఫిర్యాదు వచ్చినా దాని పక్కన పెట్టి కొలవడానికి. మేడం ఆ కాగితాన్ని స్టోర్ రిజిస్టర్ మొదటి పేజీకి అతికించారు.